రీలోడింగ్ ప్రెస్

రీలోడింగ్ ప్రెస్ ఒక చేతి యంత్రం. ఒకసారి పేల్చిన తూటా ఇత్తడి గొట్టాన్ని మళ్లీ పాత కొలతకు తెచ్చి, కొత్త ప్రైమరు, మందు, గుండు అమర్చి తిరిగి పేల్చదగిన తూటాగా మార్చడానికి దీన్ని వాడతారు. బల్లకు బిగించి ఉంటుంది. పిడిని కిందికి లాగితే ఒక ఉక్కు కడ్డీ పైకి లేస్తుంది. దాని కొసన నిలబెట్టిన గొట్టం పైనున్న అచ్చులోకి దూరుతుంది. పని చూడటానికి ఇంతే. వంద తూటాలు చేస్తే వందా ఒక్కలాగే ఉండాలన్నప్పుడు మాత్రం యంత్రం కట్టుబడి, దాని ముందు కూర్చున్న మనిషి అలవాట్లు రెండూ పరీక్షకు నిలుస్తాయి.

అమెరికాలో లక్ష్యసాధకులు, వేటగాళ్లు ఇళ్లలోనే ఈ పని చేసుకుంటారు. భారతదేశంలో పరిస్థితి పూర్తిగా వేరు. ఇక్కడ తూటాల తయారీకే కాదు, తయారుచేసే యంత్రానికి కూడా ఆయుధాల చట్టం వర్తిస్తుంది. అందుకే ప్రెస్ ఎంపిక గురించి తెలుగులో రాసే ఏ వ్యాసమైనా యంత్రం సంగతి ఎంత చెబుతుందో చట్టం సంగతీ అంత చెప్పాలి.

తూటాలోని భాగాలు

నేటి తూటాలో నాలుగు భాగాలుంటాయి. మిగతా మూడింటినీ పట్టి ఉంచేది కేస్ అనే ఇత్తడి గొట్టం. దాని అడుగున చిన్న గిన్నెలాంటి ప్రైమరు ఉంటుంది. తుపాకీ సూది తగలగానే నిప్పు పుట్టించేది ఇదే. గొట్టంలో పొగరాని మందు, మూతి దగ్గర గుండు ఉంటాయి. పేలినప్పుడు మందు కాలిపోతుంది, గుండు వెళ్లిపోతుంది, ప్రైమరు ఖర్చైపోతుంది. తూటాలో ఖరీదైన భాగమైన ఇత్తడి గొట్టం మాత్రం మిగులుతుంది. వేడికీ ఒత్తిడికీ అది తుపాకీలో తూటా కూర్చునే గది గోడలకు ఆనుకొనేంతగా ఉబ్బుతుంది. దాన్ని మళ్లీ లోపలికి ఒత్తి కొలతకు తేవడం ప్రెస్ మొదటి పని.

అన్ని గొట్టాలూ ఇందుకు పనికిరావు. బాక్సర్ రకం ప్రైమరున్న గొట్టానికి అడుగున నట్టనడుమ ఒకే రంధ్రం ఉంటుంది. అచ్చులోని సూది ఆ రంధ్రంలోంచి దూరి పాత ప్రైమరును సులువుగా నెట్టేస్తుంది. బెర్డాన్ రకంలో పక్కలకు రెండు సన్నని రంధ్రాలుంటాయి. సూది వాటిలోకి దిగదు, విరిగిపోతుంది. ఈ రెండూ 1860ల్లో పుట్టినవే. ఆంగ్లేయుడైన బాక్సర్ పద్ధతి అమెరికాలో స్థిరపడింది, అమెరికావాడైన బెర్డాన్ పద్ధతి యూరప్‌లో ఎక్కువగా నిలిచింది. అమెరికాలో ఇంటింటి రీలోడింగ్ పెరగడానికి ఆ ఒక్క నడిమి రంధ్రం పెద్ద కారణం.

పాయింట్ 22 రిమ్‌ఫైర్ తూటాలో విడిగా ప్రైమరు ఉండదు. నిప్పుపుట్టించే రసాయనం గొట్టం అంచు మడతలోనే ఉంటుంది. పేలినప్పుడు ఆ అంచు నలిగిపోతుంది కాబట్టి దాన్ని తిరిగి నింపడమనే మాట లేదు.

చరిత్ర

మూతి నుంచి మందు పోసి, గుండు వేసి, ఇనుప కడ్డీతో దట్టించే తుపాకుల కాలంలో ప్రతి కాల్పూ చేత్తో నింపిందే. 19వ శతాబ్దం రెండో సగంలో లోహపు గొట్టపు తూటా వచ్చాక ఆ పని కర్మాగారాల చేతికి పోయింది. దుకాణాలకు దూరంగా ఉన్న అమెరికా వేటగాళ్లు మాత్రం ఖాళీ గొట్టాలను దాచుకొని నింపుకొనేవారు. 1884లో జాన్ బార్లో స్థాపించిన ఐడియల్ కంపెనీ పట్టకారులాంటి చేతి పనిముట్లు అమ్మింది. 1925లో ఆ కంపెనీ లైమన్ సంస్థలో కలిసింది.

బల్లకు బిగించే ప్రెస్‌లకు రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఊపు వచ్చింది. 1943లో కాలిఫోర్నియాలోని ఓరోవిల్‌లో ఫ్రెడ్ హంటింగ్టన్ ఆర్‌సీబీఎస్ సంస్థను మొదలుపెట్టారు. యుద్ధం ముగిశాక మిగిలిపోయిన సైనిక మందును బ్రూస్ హాడ్జ్‌డన్ చౌకగా అమ్మడంతో ఈ అభిరుచి సామాన్యుల దాకా వచ్చింది. 1949లో నెబ్రాస్కాలో హార్నడీ, 1958లో విస్కాన్సిన్‌లో రిచర్డ్ లీ తయారీ లీ లోడర్ వచ్చాయి. ఆ తర్వాతి దశాబ్దాల్లో మైక్ డిలన్ ప్రోగ్రెసివ్ ప్రెస్‌ను మామూలు షూటర్ కొనుక్కోగలిగే ధరకు తెచ్చారు.

మన దేశంలో తూటాల తయారీ చాలాకాలం పాటు ప్రధానంగా ప్రభుత్వ కర్మాగారాల పనిగానే సాగింది. పుణె దగ్గర ఖడ్కీ కర్మాగారం 1869లో మొదలైంది. కలకత్తా పక్కన డమ్‌డమ్‌లోని కర్మాగారం పేరు 1890ల్లో ఒక రకం గుండుకే పేరైపోయింది. తెలుగు నేల మీద తూటా విలువ ఎంతటిదో చెప్పే ఘట్టం 1922లో జరిగింది. ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దళం దాడి చేసింది. తీసుకువెళ్లినవి తుపాకులు, వాటితోపాటు తూటాలు. తూటా లేని తుపాకీ ఉత్త ఇనుప గొట్టమే.

ప్రెస్ పనిచేసే తీరు

ప్రెస్‌లో ముఖ్యమైన భాగాలు చట్రం, రామ్ అనే కడ్డీ, పిడికీ రామ్‌కూ మధ్యనున్న కీలు. రామ్ తలమీద షెల్ హోల్డర్ అనే చిన్న ఉక్కు బిళ్ల ఉంటుంది. గొట్టం అడుగు అంచు దాని గాడిలో కూర్చుంటుంది. చట్రం పైభాగంలోని మరలో డై అనే అచ్చు బిగిస్తారు. ఈ మర కొలత దాదాపు అన్ని కంపెనీలకూ ఒకటే: 7/8 అంగుళం వ్యాసం, అంగుళానికి 14 చుట్లు. ఒక కంపెనీ ప్రెస్‌లో మరో కంపెనీ డై ఇమిడేది ఈ ఉమ్మడి కొలత వల్లనే.

కీలులో ఉన్న కిటుకు ఏమిటంటే, రామ్ పైకొసకు చేరే కొద్దీ బలం పెరుగుతుంది. గొట్టాన్ని ఒత్తడానికి ఎక్కువ బలం కావలసింది సరిగ్గా అక్కడే. చేతికి తేలికగా అనిపించినా లోపల ఇత్తడి మీద పడే ఒత్తిడి చాలా ఎక్కువ.

పని వరుస ఇలా ఉంటుంది. గొట్టాలు శుభ్రం చేస్తారు, పగుళ్ల కోసం చూస్తారు, సన్నగా కందెన పూస్తారు. మొదటి డై గొట్టాన్ని కొలతకు ఒత్తుతూ పాత ప్రైమరును తోసేస్తుంది. పొడవు పెరిగిన గొట్టాలను కత్తిరిస్తారు. కొత్త ప్రైమరు పెడతారు, తూచిన మందు పోస్తారు, చివరి డైతో గుండును నిర్ణీత లోతుకు దింపుతారు. పిస్టల్ తూటాల మాదిరి తిన్నని గొట్టాలకు కార్బైడ్ డై వాడితే కందెన అక్కర్లేదు.

ప్రెస్‌ల రకాలు

సింగిల్ స్టేజ్ ప్రెస్‌లో ఒకసారికి ఒకే డై ఉంటుంది. వంద గొట్టాలు ఒత్తడం పూర్తయ్యాక డై మార్చి తర్వాతి పని మొదలుపెడతారు. గంటకు 50 దాటితే అదే ఎక్కువ. అయితే ప్రతి దశలో ప్రతి గొట్టాన్నీ చేతిలోకి తీసుకొని చూసే అవకాశం దీనిలోనే ఉంది. ఆర్‌సీబీఎస్ రాక్ చకర్ ఈ తరగతిలో బాగా పేరున్న ప్రెస్. ఫార్‌స్టర్ కో యాక్స్ కొంచెం వేరుగా ఉంటుంది: పక్కన రెండు కడ్డీల మీద నడుస్తుంది, డైని మరతో బిగించకుండా గాడిలోకి జరిపి ఉంచుతారు, గొట్టాన్ని పట్టుకునే దవడలు వాటంతటవే సర్దుకుంటాయి.

టరెట్ ప్రెస్‌లో తిరిగే తల మీద నాలుగు నుంచి ఏడెనిమిది దాకా డైలు ఒకేసారి బిగించి ఉంచవచ్చు. సర్దిన డైని కదపకుండా తలను తిప్పితే చాలు. రెడింగ్ టీ 7కు ఏడు స్థానాలు. లీ క్లాసిక్ టరెట్‌లో నాలుగు స్థానాలున్న తల పిడి లాగినప్పుడల్లా దానంతటదే తిరుగుతుంది. గంటకు వంద నుంచి రెండొందల తూటాలు చేయవచ్చు.

ప్రోగ్రెసివ్ ప్రెస్‌లో గొట్టాలే తిరుగుతాయి. గుండ్రని పళ్లెంలో నాలుగైదు గొట్టాలు ఉంటాయి; పిడి ఒక్కసారి లాగితే ఒకదానికి ఒత్తుడు, మరోదానికి మందు, ఇంకోదానికి గుండు, అన్నీ ఒకేసారి జరుగుతాయి. గంటకు నాలుగొందలు, ఆపైన. డిలన్ 550లో పళ్లెం చేత్తో తిప్పాలి. 750లో దానంతటదే తిరుగుతుంది. పిస్టల్ పోటీల కోసం వారానికి వందల తూటాలు ఖర్చుచేసేవారికి ఇది తగినది.

తుపాకీని బల్ల మీద ఆనించి కాల్చే బెంచ్‌రెస్ట్ షూటర్లలో చాలామంది చిన్న ఆర్బర్ ప్రెస్, చేతి డైలు వాడతారు. గుండు దిగేటప్పుడు ఎంత బిగువుగా దిగుతోందో చేతికి తెలియడం దీని గొప్ప లాభం. షాట్‌గన్‌లో వాడే 12 బోర్ తూటాల సంగతి వేరే. వాటి గొట్టం ప్లాస్టిక్‌ది, మూతిని మడిచి మూస్తారు. అందుకు ఎంఈసీ వంటి ప్రత్యేక ప్రెస్‌లున్నాయి.

ఏకరూపత ఎక్కడ పుడుతుంది

గుంటూరు జిల్లా దుగ్గిరాల మార్కెట్ యార్డులో పసుపు కొనేవాళ్లు బస్తాను పైపైన చూసి ధర కట్టరు. కొమ్ము విరిచి లోరంగు చూస్తారు. తూటా నాణ్యతా అలాంటిదే. మెరిసే ఇత్తడి ఏమీ చెప్పదు, కొలిచి చూడాలి.

కొలవవలసినవి ముఖ్యంగా నాలుగు. మొదటిది గొట్టం భుజం (మూతి వైపు సన్నబడే వంపు) ఎత్తు. పేలి వచ్చిన గొట్టం భుజాన్ని 0.025 నుంచి 0.05 మిల్లీమీటర్ల మేరకే వెనక్కి నెట్టాలని రైఫిల్ షూటర్లు చూస్తారు. అంతకు మించి నెడితే ఇత్తడి ప్రతిసారీ సాగి, అడుగు దగ్గర పలచబడి, చివరికి విరుగుతుంది. రెండోది గుండు దిగిన లోతు. మూడోది గుండు గొట్టంతో ఒకే సరళరేఖలో ఉందా అన్నది. తూటాను దొర్లిస్తూ డయల్ ముల్లుతో చూస్తే ఊగు 0.075 మిల్లీమీటర్ల లోపు ఉండటం మంచి పనికి గుర్తు. నాలుగోది మందు తూకం. దీన్ని గ్రెయిన్లలో కొలుస్తారు. ఒక గ్రెయిన్ 0.0648 గ్రాములు. కంసాలి త్రాసులో గురిగింజ ఎత్తులో అది దాదాపు సగం. గ్రెయిన్‌లో పదోవంతు తేడాను కూడా షూటర్లు పట్టించుకుంటారు.

ఈ నాలుగింటిలో మందు తూకానికీ ప్రెస్‌కూ సంబంధం తక్కువ. అది త్రాసు పని. భుజం ఎత్తు, గుండు లోతు, సూటిదనం మాత్రం ప్రెస్, డై కలిసి తేల్చేవి. ప్రెస్ చేయవలసిన మేలు ఒక్కటే: ప్రతిసారీ రామ్ ఒకే చోటికి, ఒకే రేఖలో చేరాలి.

అది చేరుతోందో లేదో కంటితోనే చూడవచ్చు. ఖాళీ షెల్ హోల్డర్‌ను పైదాకా లేపి, దాన్ని డై అడుగు తాకేలా సర్దుతారు. ఆ రెంటి మధ్య వెలుగు కనబడదు. ఇప్పుడు కందెన పూసిన గొట్టం పెట్టి మళ్లీ పిడి లాగి, వెనక దీపం ఉంచి చూస్తే, వెంట్రుకవాసి వెలుగు గీత కనబడవచ్చు. ఒత్తిడికి చట్రం, కీలు ఆ మేరకు సాగాయన్నమాట. చట్రం గట్టిదైతే గీత సన్నగా ఉంటుంది. గొట్టం గొట్టానికీ ఆ గీత మారుతుంటే భుజం ఎత్తు కూడా మారుతుంది. కందెన ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ పూసినా ఇదే జరుగుతుంది. ప్రెస్ తప్పు అనుకున్న చాలా తేడాలు నిజానికి కందెన పూసిన వేలి తేడాలు.

ప్రోగ్రెసివ్‌లో మరో ఇబ్బంది ఉంది. పళ్లెంలో అన్ని స్థానాలూ నిండి ఉన్నప్పుడు ఒత్తిడి ఒక రకంగా, మొదట్లో, చివర్లో కొన్ని ఖాళీగా ఉన్నప్పుడు ఇంకో రకంగా పడుతుంది. పళ్లెం కొద్దిగా వంగి గుండు లోతు మారుతుంది. అందుకే దూరపు రైఫిల్ పోటీల వాళ్లలో చాలామంది వేగం వదులుకొని సింగిల్ స్టేజ్ దగ్గరే ఆగుతారు.

బిగువు ఎక్కువైతే మంచిదనుకోవడమూ పొరపాటే. షెల్ హోల్డర్‌కో డైకో పిసరంత వదులు ఉంటే గొట్టం అచ్చు మధ్యకు తనంతట సర్దుకుంటుంది. కొందరు డై బిగింపు చుట్టు కింద రబ్బరు ఉంగరం వేసేది ఇందుకే.

ఎంపికలో చూడవలసినవి

మొదట తేల్చుకోవలసింది ఏ తూటా, నెలకు ఎన్ని అన్నది. నెలకు వంద రైఫిల్ తూటాలు కావలసినవారికి ప్రోగ్రెసివ్ దండగ. నెలకు రెండు వేల పిస్టల్ తూటాలు కావలసినవారికి సింగిల్ స్టేజ్ విసుగు పుట్టిస్తుంది. విసుగు పుట్టిన చోట పొరపాటు పుడుతుంది.

చట్రం ఆకారం తర్వాత చూడాలి. అన్ని వైపులా మూసుకున్న ఓ ఆకారపు చట్రం ఒత్తిడికి సమంగా నిలుస్తుంది. ముందు తెరిచి ఉన్న సీ ఆకారంలో చేయి సులువుగా ఆడుతుంది, కానీ బరువైన పనిలో నోరు కాస్త తెరుచుకుంటుంది. పిస్టల్ గొట్టాలకు అది చాలు. పొడవాటి రైఫిల్ గొట్టాలకు పోత ఇనుప ఓ చట్రం మేలు. చట్రం నోటి ఎత్తు తమ తూటా పొడవుకు, దాని మీద నిలబెట్టే గుండుకు సరిపోతుందో లేదో కొలుచుకోవాలి.

పాత ప్రెస్ కొనేటప్పుడు రామ్‌ను పైకి లేపి పక్కలకు కదిపి చూడాలి. టకటకమంటే అరిగినట్టే. చట్రం మూలల్లో పగులు, కీలు మేకుల్లో వదులు చూడాలి. పాత ప్రైమర్ల మసి కీళ్లలోకి రాలకుండా పైపు ద్వారా డబ్బాలోకి వెళ్లే ఏర్పాటు ఉంటే ప్రెస్ ఎక్కువకాలం మన్నుతుంది. చివరగా బల్ల. ఎంత మంచి ప్రెస్ అయినా ఊగే బల్లకు బిగిస్తే దాని గట్టిదనమంతా వృథా.

కొత్తగా నేర్చుకునేవారికి సింగిల్ స్టేజే సరైనది. ఒక్కో దశ ఒక్కోసారి జరుగుతుంది కనుక తప్పు ఎక్కడ జరిగిందో తెలుస్తుంది. పెద్ద ప్రెస్ కొన్నాక కూడా దాన్ని ఎవరూ అమ్ముకోరు.

ప్రమాదాలు

ఒకే గొట్టంలో రెండుసార్లు మందు పడితే తుపాకీయే పేలిపోవచ్చు. అసలు పడకపోతే ప్రైమరు బలానికి గుండు తుపాకీ గొట్టంలో ఇరుక్కుంటుంది. అది చూసుకోకుండా రెండోది పేల్చడం ప్రాణాంతకం. ప్రోగ్రెసివ్‌లో పని మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెట్టినప్పుడే ఈ పొరపాట్లు ఎక్కువ. బల్ల మీద ఒకే రకం మందు డబ్బా ఉండాలి. మోతాదు కోసం మందు తయారీదారు అచ్చువేసిన పుస్తకం తప్ప ఇంకెవరి మాటా వినకూడదు. కళ్లకు అద్దాలు తప్పనిసరి. ప్రైమరు మసిలో సీసం ఉంటుంది కాబట్టి పని కాగానే చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

చట్టం

ఆయుధాల చట్టం 1959లోని 2వ సెక్షన్ మందుగుండు సామగ్రికి ఇచ్చిన నిర్వచనంలో తూటాలతోపాటు వాటి భాగాలు, వాటిని తయారుచేసే యంత్రాలు కూడా ఉన్నాయి. అంటే ఖాళీగా ఉన్న రీలోడింగ్ ప్రెస్ కూడా ఆ నిర్వచనం కిందికి వస్తుంది. 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తయారీ నేరం. 2019 సవరణ తర్వాత ఈ నేరానికి కనీసం ఏడేళ్ల జైలు, గరిష్ఠంగా యావజ్జీవం. విదేశం నుంచి తేవడానికి 10వ సెక్షన్ కింద వేరే లైసెన్సు కావాలి.

పంట కాపలాకో ఆత్మరక్షణకో తుపాకీ లైసెన్సున్నవారికి తూటాలు నింపుకునే హక్కు దానితో రాదు. ఆ లైసెన్సు తుపాకీ ఉంచుకోవడానికి, నిర్ణీత సంఖ్యలో తూటాలు కొనుక్కోవడానికి మాత్రమే. లైసెన్సు సంగతులు చూసేది జిల్లా కలెక్టరేట్: ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4 నాటి జిల్లాల విభజన తర్వాత, ఉదాహరణకు, దుగ్గిరాల, తెనాలి వారు గుంటూరు కలెక్టరేట్‌ను, బాపట్ల, రేపల్లె వారు బాపట్ల కలెక్టరేట్‌ను సంప్రదించాలి. సందేహం ఉన్నవారు వస్తువు కొనకముందే అక్కడ అడగాలి.

అమెరికాలో సొంత వాడకానికి తూటాలు నింపుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు, అమ్మితే కావాలి. అక్కడి తెలుగువారు గమనించవలసింది వీసా సంగతి. ఎఫ్ 1, హెచ్ 1బీ వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. ఆ చట్టంలో తూటా అంటే ఖాళీ గొట్టం, ప్రైమరు, గుండు, మందు కూడా. గ్రీన్‌కార్డు వచ్చినవారికి ఈ అడ్డు లేదు, రాష్ట్రాల నియమాలు మాత్రం వర్తిస్తాయి.

హైదరాబాద్ షూటర్లు, తూటాలు

హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కంచు పతకం గెలిచింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో. అందులో మందే ఉండదు, గాలి ఒత్తిడితో సీసపు పెల్లెట్ వెళుతుంది. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఈషా సింగ్ పతకాలు సాధించిన 25 మీటర్ల పిస్టల్‌లో వాడేది పాయింట్ 22 రిమ్‌ఫైర్, తిరిగి నింపలేనిది. అదే క్రీడల్లో కైనన్ చెనాయ్ షాట్‌గన్ పోటీ అయిన ట్రాప్‌లో జట్టు బంగారం, వ్యక్తిగత కంచు గెలిచారు. ట్రాప్‌లో వాడే 12 బోర్ తూటాలో రవ్వల బరువు 24.5 గ్రాములు మించరాదన్నది అంతర్జాతీయ నిబంధన. ఒలింపిక్ బాటలో నడవాలనుకునే తెలుగు పిల్లలకు రీలోడింగ్ ప్రెస్ అవసరం ఏ దశలోనూ రాదు. రిమ్‌ఫైర్ షూటర్లు ఏకరూపతను వేరే దారిలో సాధిస్తారు: కర్మాగారం నుంచి వచ్చిన వేర్వేరు లాట్ల తూటాలను తమ తుపాకీలో పేల్చి చూసి, బాగా కుదిరిన లాటునే కొంటారు.

చట్టం అనుమతించే దేశంలో ఉన్నవారు గట్టి ఓ చట్రపు సింగిల్ స్టేజ్ ప్రెస్, మంచి త్రాసు, ఊగని బల్ల, తొందరలేని చేయి సమకూర్చుకుంటే ఏకరూపత దానంతటదే వస్తుంది. ఇంతకంటే ఖరీదైన సరంజామా ఈ నాలుగింటి తర్వాతే. ఇక్కడున్నవారికి మాత్రం ఒకే మాట. అమెరికా నుంచి వచ్చే బంధువు ముచ్చటపడి పాత ప్రెస్ తెస్తానంటే, వద్దని చెప్పండి. సూట్‌కేసులో అది ఇనుప సామాను, కస్టమ్స్ బల్ల మీద మందుగుండు సామగ్రి.